దాహము లేని మొక్కకు నీరు

తెలుగువారి ఇండ్లలో అనేకములందు వీధిగుమ్మమునకు పైన కలబంద మొక్క నొకదానిని, వేళ్ళు పైకిని ఆకులు క్రిందికిని వచ్చునట్లు త్రాటితో కట్టి వ్రేలాడదీయుట కలదు. దృష్టి తగులకుండుటకని పెద్దలందురు. ఆ మొక్కకు మన్ను లేదు, కుండీ లేదు, నీరు పోయువారు అంతకంటెను లేరు. అయినను అది నెలల తరబడి పచ్చగానే యుండి, కొన పైకి త్రిప్పుకొని కొత్త ఆకును గూడ తొడుగుచుండును. అదే యింట, అదే గుమ్మము ప్రక్కన, చక్కని పింగాణి కుండీలో, ఎరువు వేసిన మట్టిలో, దినదినము నీరు త్రావుచున్న మరియొక కలబంద శ్రావణమాసము దాటకమునుపే మెత్తబడి, కంపుకొట్టి, చేయి తగులగనే మొదలంట ఊడి వచ్చును. ఎవరును లక్ష్యపెట్టని మొక్క బ్రదికినది. అందరును లాలించిన మొక్క చచ్చినది. ఇట్లేల జరుగునో, జరుగకుండ నేమి చేయవలెనో, జరిగిన పిమ్మట ఏ మాత్రము దక్కించుకొనవచ్చునో నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ఆంగ్లమున సక్యులెంట్లని పిలువబడు మొక్కలివి. పేరు కొత్తదైనను జాతి మనకు కొత్తది కాదు. కలబంద, రణపాల, నల్లేరు, ఆకుజెముడు, బొంతజెముడు మన పొలముగట్లమీదను కొండవాలులయందును ఎరిగినవే. నాగజెముడు అమెరికా ఖండమునుండి వచ్చినదైనను, మన ఊళ్ళ వెలుపల తిష్ఠవేసి ఎన్నియో తరములైనది. ఇటీవల కడియపులంక మొదలగు తావులలోని నర్సరీలనుండి, ఎడారి గులాబి యనబడు అడీనియమును, హవర్తియా, ఎచివేరియా వంటి పరదేశపు మొక్కలును వరండాలలోనికి, మేడలమీదికి, కిటికీగూళ్ళలోనికి వచ్చి చేరినవి. ఆకారములు వేరైనను వీనికన్నిటికి గుణమొక్కటే: ఆకునందో, కాండమునందో, మొదలునందో నీరు దాచుకొనుట. కలబంద గుజ్జులో నూటికి 98 పాళ్ళకు పైగా నీరే యన్నచో ఆ నిల్వ ఎంతటిదో ఊహింపవచ్చును. గుమ్మమున వ్రేలాడు కలబంద ఆ నిల్వను కొంచెము కొంచెముగా వాడుకొనుచు కాలము గడుపుచున్నది.

ముందుగా మా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది.

హైదరాబాదులో మా మేడమీద పదునాలుగేండ్ల అడీనియము మొక్క యొకటి కలదు. మా తల్లిగారు వ్రేలెడు మొలకగా తెచ్చి నాటినది. దాని మొదలు చిన్న కడవవలె ఉబ్బి, చూచినవారెల్ల తాకి చూచెడివారు. ఆమె దానికి ఎన్నడు నీరు పోసెడిదో, ఎన్నడు మానెడిదో మేమెవ్వరమును గమనింపలేదు. ఒక కార్తికమున ఆమె కాలము చేసినది. మార్గశిరము వచ్చుసరికి ఆ మొక్క ఆకులు పసుపువారి ఒక్కటొక్కటే రాలజొచ్చినవి. పెంచిన చేయి పోయినందున మొక్కయు బెంగపెట్టుకొన్నదని ఇంటివారందరు నిజముగనే నమ్మితిమి. ఉదయమున మా చెల్లెలు తులసికి నీరు పోసి, చెంబులో మిగిలినది దీనికి పోసెడిది. మధ్యాహ్నము పనికి వచ్చు ఆమె, పెద్దమ్మగారి మొక్కయని, ఒక లోటా పోసెడిది. సాయంకాలము మేము పోసెడివారము. ఒకరు పోసినట్లు మరియొకరికి తెలియదు. సంక్రాంతి పండుగకు మేడమీద ముగ్గు వేయబోయినవారు కుండీ జరిపినప్పుడు, రాయివలె గట్టిగా నుండవలసిన ఆ మొదలు ఒక వైపున మగ్గిన బొప్పాయిపండువలె చేతికి లోతుకుపోయినది.

తరువాత తెలిసికొన్నదేమనగా, చలి తగిలినప్పుడు ఆకులు రాల్చి నిద్రించుట అడీనియమునకు సహజము. ఆకు లేని మొక్కకు నీటితో పని మిక్కిలి తక్కువ. అది త్రాగుట మానిన నెలలలోనే మేము ముగ్గురము కలిసి దానికి త్రాగించితిమి.

నీరు ఎక్కువైన మొక్క నీటివలన చచ్చుచున్నదని సామాన్యముగా తలతుము. నిజమునకది చచ్చునది ఊపిరాడక. వేళ్ళును జీవించియున్న అవయవములే. వానికిని ప్రాణవాయువు కావలెను. మట్టిరేణువుల నడుమనున్న సందులలోని గాలియే వాని ఊపిరి. నీరు పోసినప్పుడు ఆ సందులు నిండును. నీరు దిగిపోయినప్పుడు వెనువెంట గాలి లోనికి దిగును. నీరు దిగక నిలిచినచో, వేరు తన చుట్టునున్న కొద్దిపాటి ప్రాణవాయువును వాడివేసి మరల కొత్తది రాక తపించును. గాలిలోకంటె నీటిలో ప్రాణవాయువు సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపించును. వరిమొక్క ఈ చిక్కును తప్పించుకొన్నది. దాని ఆకులనుండి వేళ్ళవరకు గాలి నడుచుటకు లోపల గొట్టములవంటి ఏర్పాటు కలదు. రాతినేలలలోను ఎడారులలోను పుట్టి పెరిగిన జాతులకు అట్టి ఏర్పాటుతో ఎన్నడును పని పడలేదు.

ఊపిరాడక నీరసించిన వేళ్ళపై అటుపిమ్మట కుళ్ళు తెగుళ్ళు పైబడును. ఫైటాఫ్తొరా, పిథియము అనునవి వానిలో ముఖ్యములు. మొదటిదానికి 1876లో ఆ పేరిడినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ; మొక్కలను నాశము చేయునదని ఆ మాటకు అర్థము. అవి వానిని బూజుజాతిలో చేర్చుకొనిన దినములు. నేటి శాస్త్రజ్ఞులు వేరుజాతిగా లెక్కింతురు. మనకు కావలసిన సంగతి యొక్కటే. వీని బీజములు నీటిలో ఈదగలవు. కుండీమట్టి తడిసి ముద్దయై యున్నంతసేపు అవి ఒక వేరునుండి మరియొక వేరునకు నిరాటంకముగా ఈదిపోవును. మట్టి ఆరినచో ఆ ప్రయాణము నిలిచిపోవును. కంపుకొట్టు మెత్తని కుళ్ళునకు మాత్రము తరచు బాక్టీరియా కారణము. అది గాయమైనచోట ప్రవేశించును.

ఈ మొక్కలు నీటిని ఇంత పొదుపుగా వాడుకొనుటయందు ఒక చక్కని రహస్యము కలదు. దానిని మొదట గమనించి వ్రాసినవారిలో ఒకరికి మన తెలుగుదేశముతో సంబంధము కలదు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారికి ఒక తోట యుండెడిది. రాక్స్‌బరో దొర 1793లో అచటినుండి కలకత్తా వెళ్ళిన పిమ్మట ఆ తోటను చూచిన వైద్యుడు బెంజమిను హైనీ. ఆయన లండనులోని లిన్నేయను సంఘపు పత్రికలో 1815లో ప్రకటితమైన ఒక లేఖలో రణపాల ఆకును గూర్చి ఇట్లు తెలిపెను: ప్రాతఃకాలమున ఆ ఆకు పుల్లగా నుండును, మధ్యాహ్నమునకు రుచియే లేకపోవును, సాయంకాలమునకు కొంచెము చేదెక్కును. కారణము తరువాతివారు కనుగొనిరి. తక్కిన మొక్కలు పగటిపూట ఆకురంధ్రములు తెరచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. ఆ తెరచిన రంధ్రములగుండ నీరావిరియు విశేషముగా పోవును. రణపాలవంటివి రాత్రి చల్లని వేళ రంధ్రములు తెరచి, ఆ వాయువును మాలిక్ ఆమ్లముగా దాచుకొని, తెల్లవారిన పిమ్మట తలుపులు మూసికొని లోలోపల వాడుకొనును. తెల్లవారుజామున పులుపు ఆ నిల్వవలననే. శ్రోతలు దీనిని నోట పెట్టుకొని పరీక్షింప నక్కరలేదు. ఈ జాతి ఆకులు మేసిన పశువులకు హాని కలుగుట యెరిగినదే. పగలెల్ల తలుపులు మూసికొని కూర్చుండు మొక్క బంతివలెనో మల్లెవలెనో నీటిని ఖర్చుపెట్టదని గ్రహించిన చాలును. తులసికోట ప్రక్కన రెండు కుండీలున్నంతమాత్రమున రెంటికి ఒకే లెక్క పనికిరాదు.

ఇక కుండీ సంగతి. ఇచట కొంత నిలువవలసియున్నది, ఏలయన మనలో పెక్కుమందికి తెలిసినదనుకొనునది తప్పుగా తెలిసియున్నది.

అడుగున చిల్లి లేని కుండీలో ఈ జాతి మొక్కను నాటరాదు. ఇందు వాదమునకు తావు లేదు. అందమైన పింగాణి గిన్నె బహుమతిగా వచ్చినచో, చిల్లి గల చిన్న మట్టికుండీలో మొక్కనుంచి, దానిని గిన్నెలో నిలిపి, నీరు పోయవలసినప్పుడు బయటికి తీసి పోసి, కారుట మానిన పిమ్మట మరల లోపలనుంచవచ్చును. కుండీ క్రిందనుంచు పళ్ళెములో నీరు నిలిచినచో పారబోయవలెను. అట్లు చేయనివారు చిల్లి యుండియు లేనివారితో సమానులు.

కుమ్మరి చేసిన మట్టికుండీ మేలు. దాని గోడలగుండ నీరు చెమర్చి ఆవిరియై పోవును. కూజాలో నీరు చల్లబడునది ఇందువలననే. ప్లాస్టిక్ కుండీకిని పింగాణికిని ఆ గుణము లేదు. అయినను ప్లాస్టిక్ కుండీలో పెంచలేమని కాదు. అందు మట్టి ఆరుటకు రెట్టింపు దినములు పట్టునని యెరిగి పోసినచో చాలును.

మిక్కిలి వ్యాప్తిలోనున్న పొరపాటు కుండీ అడుగున కంకరపొర వేయుట. నీరు చక్కగా దిగునని వేయుదురు. మేమును ఎన్నియో యేండ్లు వేసితిమి. నిజమునకు ఆ పొర మేలుకంటె కీడే చేయును. సన్నని మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా తడిసి నిండువరకు, క్రిందనున్న ముతక కంకరలోనికి దిగదు. సన్నని సందులు నీటిని గట్టిగా పట్టుకొనును, పెద్ద సందులు పట్టుకొనలేవు. కావున ప్రతి కుండీలోను అడుగున నిలిచియుండు ముద్దతడి, కంకర వేసినందువలన అంత మేర పైకి జరిగి, వేళ్ళకు మరింత చేరువగును. చిల్లిపై ఒక వంపు పెంకునుగాని చిన్న వలముక్కనుగాని మన్ను జారకుండ నుంచిన చాలును.

ఆ ముద్దతడి మాట నమ్మశక్యముగా లేనివారు వంటింటిలో గిన్నెలు తోము పలుచని స్పాంజి నొకదానిని నీట ముంచి తీసి, బల్లపరుపుగా పట్టుకొని చూడవలెను. కొంతసేపు కారి కారి నిలిచిపోవును. ఇక నీరు లేదనిపించును. అప్పుడు దానిని పిండక, కదపక, నిలువుగా త్రిప్పి పట్టుకొనినచో మరల నీరు ధారగా కారును. స్పాంజి అదే, నీరు అదే, ఎత్తు మారినది. పొట్టి కుండీ బల్లపరుపు స్పాంజివంటిది, పొడుగు కుండీ నిలువు స్పాంజివంటిది. చిన్న మొక్కను పెద్ద వెడల్పు తొట్టిలో నాటి, పెరుగుటకు చోటిచ్చితిమని సంతోషించువారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. వేళ్ళు చేరని మట్టిలోని నీటిని త్రాగువారెవ్వరును లేరు. అది అట్లే నిలిచి పులియును. వేళ్ళకు చుట్టు రెండు వ్రేళ్ళ ఖాళీ యున్న కుండీ చాలును.

మట్టి విషయమునను అంతే. ముతక రేణువులైనచో ఆ ముద్దతడి పొర పలుచబడును. నల్లరేగడి ఎంత సారవంతమైనను దీనికి కూడదు. తడిసిన ఉబ్బును, ఎండిన పగులును, గాలికి దారి యీయదు. మేము వాడు మిశ్రమమిది: ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుకయు ఇటుకముక్కలును కలిపి రెండు పాళ్ళు, బాగుగా మాగిన ఆకుటెరువు అరపాలు. ఇటుకముక్కలు కందిబేడ మొదలు శనగగింజవరకు ఉండవచ్చును. దంచగా వచ్చిన పొడిని జల్లించి పారవేయవలెను. ఈ జల్లించు పనికి బద్ధకించినచో ఆ పొడియే సందులను పూడ్చి మిశ్రమమునంతను చెరచును. సముద్రపు ఇసుక ఉప్పువలన పనికిరాదు. కలిపిన మట్టిని కుండీకెత్తి ఒక చెంబు నీరు పోసి చూడుడు. పది లెక్కించునంతలో అడుగునుండి కారవలెను.

నర్సరీనుండి కొనితెచ్చిన మొక్క తరచు కొబ్బరిపొట్టులో నుండును. అది తేలికయైనది, దూరప్రయాణమునకు అనువైనది, నర్సరీవారికి సుఖము. మన యింట అదే నీటిని స్పాంజివలె పట్టియుంచును. తెచ్చిన వారము పదిదినములకు ఆ పొట్టును మెల్లగా విదిలించి మిశ్రమములోనికి మార్చుట మంచిది. మార్చినవెంటనే నీరు పోయుట అలవాటు. ఇచట మాత్రము నాలుగైదు దినములు ఆగవలెను. మార్చునప్పుడు తెగిన వేళ్ళు మానుటకు ఆ గడువు.

ఇంతకును ఎన్ని దినములకొకసారి పోయవలెననుట అందరును అడుగు ప్రశ్న. దీనికి అంకె చెప్పినవారు మొక్కకు కీడు చేసినవారే. అనంతపురమున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన; విశాఖపట్నమున దాదాపు అంతకు రెట్టింపు, పైగా సముద్రపు తేమ. ఒక ఊరి లెక్క మరియొక ఊరికి చెల్లదు. అంతయేల, ఒకే యింట తూర్పు వరండా లెక్క పడమటి మేడకు చెల్లదు. మట్టినే అడుగవలెను. కొబ్బరి చీపురుపుల్ల నొకదానిని కుండీ అడుగంట గ్రుచ్చి, కొంచెముసేపు ఉంచి తీయుడు. తడిమన్ను అంటుకొని వచ్చినచో నాడు నీరు వలదు. పొడిగా వచ్చినచో మరి రెండు దినములాగి పోసినను తప్పు లేదు. పైమట్టిని మాత్రమే చూచి నిర్ణయింపరాదు. పైన దుమ్ము లేచుచున్న కుండీలో అడుగున బురద యుండుట మేము పలుమారులు చూచితిమి. కొంత కాలమునకు కుండీని చేతనెత్తి బరువునుబట్టియే చెప్పగలుగుదురు.

పోసినప్పుడు నిండుగా పోయవలెను. అడుగునుండి కారువరకు పోసి, మరల పూర్తిగా ఆరువరకు పోయకుండవలెను. దినదినము గుక్కెడు గుక్కెడు పోయుట రెండువిధముల చెరుపు. వేళ్ళు లోతునకు దిగవు, పైపొర ఎన్నడును ఆరదు. ఎచివేరియావంటి గులాబిపూవు ఆకారముగల మొక్కల నడినెత్తిన నీరు పోయరాదు. ఆకుల నడిమి గిన్నెలో నిలిచి చిగురును కుళ్ళించును. పోయు నీరు మొదటికే చేరవలెను.

రోహిణికార్తె యెండలలో మొక్క వాడినట్లు కనబడినంతనే కడవలతో పోయువారు కలరు. ఎండ మిక్కుటమైనప్పుడు వీనిలో కొన్ని పెరుగుట మాని ఊరకుండును. వేడిమట్టిలో నిలిచిన నీటివంటి శత్రువు వేరొకటి లేదు. ఆ దినములలో నీటికంటె పలుచని నీడ మేలు. పోయునది సాయంకాలము పోయవలెను. మృగశిర ప్రవేశించినది మొదలు ఆకాశమే నీరు పోయుచుండును గనుక మన చేయి ముడుచుకొనవలెను. వారముల తరబడి ముసురు పట్టునప్పుడు కుండీలను చూరు క్రిందికి జరుపుట తప్ప మార్గము లేదు. కోస్తావారికి ఆశ్వయుజ కార్తికములలో తుపానుల వానలు మరల వచ్చును. ఆ రెండు జరుపుళ్ళు చేసినవారికి సగము మొక్కలు దక్కును.

ఇక వ్యాధిని గుర్తించుట. నీరెక్కువైన మొక్క ఆకు మొదట ఉబ్బి, పిదప వెలుతురు లోపలినుండి కనబడునట్లు పలుచనై, పసుపువారి, మెత్తబడును. క్రింది ఆకులు ముట్టుకొనగనే రాలును. కాండపు మొదలు నలుపెక్కును. మట్టినుండి మురుగువాసన వచ్చును. చిన్న నల్లని దోమలవంటి పురుగులు కుండీచుట్టు మూగును. నీరు చాలని మొక్క లక్షణములు వేరు: ఆకు ముడుతలు పడును, పలుచబడును, అంచు పెళుసై యెండును, అయినను వాసన యుండదు, మెత్తదనముండదు.

అయితే ఇచట ఒక మోసము కలదు. వేళ్ళు కుళ్ళిన మొక్కయు ముడుతలు పడును. తడిమట్టిలోనే యున్నను త్రాగుటకు వేళ్ళు లేవు గదా! దానిని చూచి దప్పికయని మరల పోయుదుము. మిగిలిన నాలుగు వేళ్ళును చచ్చును. ఈ విధముగా చచ్చిన మొక్కలే లెక్కకు ఎక్కువయని మా యనుభవము. కావున ముడుతపడిన ఆకు కనబడినప్పుడు ముందు మట్టిని చూడవలెను. మట్టి పొడిగా నున్నచో దప్పిక. మట్టి తడిగా నుండి ఆకు ముడుతపడినచో అది కుళ్ళు. చెంబు ప్రక్కనపెట్టి కుండీనుండి మొక్కను పెరుకవలసినదే.

ఆకులు కొంచెము పసుపువారినంతమాత్రమే యైనచో పెరుకనక్కరలేదు. నీరు మాని, గాలి వీచు నీడను ఉంచి, రెండు మూడు వారములు ఓపికపట్టవలెను. పాడైన ఆకు మరల బాగుపడదు. కొత్త ఆకు బాగుగా వచ్చుచున్నదా యని చూచుకొనవలెను.

మొదలు మెత్తబడినచో ఆ నాడే పని పట్టవలెను. మొక్కను పెరికి, మన్ను విదిలించి, వేళ్ళు కడిగి చూడుడు. మంచి వేరు తెల్లగానో లేతవన్నెగానో గట్టిగా నుండును. కుళ్ళినది నల్లనై, లాగినంతనే పైతోలు ఊడి లోని దారము మిగులును. పదునైన కత్తిని స్పిరిటుతో తుడిచి, కుళ్ళినదంతయు కోసివేయవలెను. జాలిపడరాదు. కోసినచోట గోధుమవన్నె చుక్క యొక్కటి కనబడినను కుళ్ళు ఇంకను మిగిలియున్నదన్నమాట. కత్తిని మరల తుడిచి మరి కొంచెము పైకి కోయవలెను. కోత అంతటను తెల్లగానో పచ్చగానో శుభ్రముగా కనబడువరకు ఇట్లే చేయవలెను. జెముడుజాతిని కోయునప్పుడు పాలు కంటబడకుండ జాగ్రత్తపడవలెను. కన్నునకు మిక్కిలి ప్రమాదము. అడీనియము రసమును విషమే. పిల్లలను దూరముగా నుంచి, పని యైనవెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

కోతకు గంధకపుపొడి అద్దుదురు. పసుపు అద్దువారును, బొగ్గుపొడి అద్దువారును కలరు. ఏది అద్దినను అద్దకున్నను, మానుటకు కావలసినది ఎండుట. నీడలో, గాలి తగులుచోట, వార్తాపత్రికపై పరుండబెట్టి, కోతపై గట్టి పొక్కు కట్టువరకు ఉంచవలెను. సన్నని కాండమునకు నాలుగైదు దినములు, లావైనదానికి రెండు వారములు పట్టవచ్చును. మన్ను లేక అన్ని దినములు బ్రదుకునా యని సందేహించువారు గుమ్మమువైపు ఒకసారి చూడవలెను. పిమ్మట కొత్త పొడి మిశ్రమములో నాటి, మరియొక వారమాగి, అప్పుడు కొంచెము నీరు పోయవలెను. పాతమట్టిని వేరొక కుండీలో వేయరాదు; కుండీని కడిగి ఎండబెట్టక వాడరాదు.

మొదలంతయు పోయినను ఆశ విడువ నక్కరలేదు. కలబంద ప్రక్కన పిలకలున్నచో వానిని వేరుచేసి నాటుకొనవచ్చును. కలబంద ఆకును నాటినచో మాత్రము వేరు పట్టుట అరుదు, కుళ్ళుటయే తరచు. రణపాలకు ఒక్క ఆకు చాలును. పొడిగా నేలపై పడవేసినను అంచులనుండి పిల్లలు పుట్టును. నాగజెముడు రేకును, నల్లేరు కణుపును, జెముడు కొమ్మను ఎండబెట్టి నాటుకొనవచ్చును. ఎచివేరియా ఆకును మొదలంట నిండుగా గిల్లి ఇసుకపై పరచినచో, నీరు పోయకుండనే కొన్ని వారములకు గులాబివన్నె వేళ్ళు కనబడును.

మా యడీనియమునకు ఇదియే చికిత్స జరిగినది. చెప్పినంత సులభముగా జరుగలేదు. మొదటి కోతకు చేయి రాలేదు. పైపైన గీకి ఊరకుంటిమి. మూడు దినములకు కుళ్ళు మరల లోనికి పాకినది. రెండవసారి కడవవంటి ఆ మొదలులో దాదాపు సగము కోసివేసితిమి. పదునెనిమిది దినములు మేడమెట్లక్రింద వార్తాపత్రికపై పడియున్నది. చెల్లెలు దినమున కొకసారి వచ్చి చూచి, మాటలాడక వెళ్ళెడిది. మాఘము వెళ్ళి ఎండలు ముదిరిన పిమ్మట నాటితిమి. చైత్రమున ఒక చిగురు కనబడినది.

ఇప్పుడది ఒక ప్రక్క గుల్లగా, ఒక ప్రక్కకు ఒరిగి యున్నది. తాకి చూచువారు లేరు. పోయిన ఫాల్గుణమున మిగిలిన కొమ్మకు ఏడు పూవులు పూచినవి. చెల్లెలి మనుమరాలు తులసికి నీరు తెచ్చుచు దానియొద్ద నిలిచి, "దీనికి కూడా పోయనా, తాతయ్యా?" అని యడిగినది. పుల్ల గ్రుచ్చి చూడుమంటిమి. పుల్లకు మన్నంటుకొని వచ్చినది. చెంబులోని నీరంతయు తులసికే పోసి, పుల్లను మరల కుండీ అంచున గ్రుచ్చి పోయినది.